నోట్సులో ఆధారం జారిపోకుండా: నెల్లూరు, ప్రకాశం జిల్లాల మీద రాసేవారికి జొటెరో, అబ్సిడియన్ పద్ధతి

నోట్సులో ఒక ముక్క ఉంది: "కందుకూర్బెజవాడ గావించె మెచ్చి". దాని కింద "అద్దంకి శాసనం" అని రెండే మాటలు. రెండేళ్ళ తర్వాత థీసిస్‌లో దాన్ని వాడబోతే ఏమీ తేలదు. ఈ పాఠం శాసన సంపుటంలో చూసిందా, సాహిత్య చరిత్రలోదా, పోటీ పరీక్షల గైడులోదా, వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫొటోలోదా? ఆ శాసనంలోని పద్యాన్ని, అంటే పండరంగని తరువోజను, ఒక్కో పుస్తకం ఒక్కో పదవిభాగంతో అచ్చేసింది. కాలం ఒకచోట 848, ఇంకోచోట 849. ఎక్కడ చూశారో రాసుకోకపోతే వైవాలో "ఈ పాఠం ఎవరిదండీ?" అన్న ఒక్క ప్రశ్నకు నోరు కట్టుబడుతుంది.

కాబట్టి మాట నోట్సులోకి ఎక్కిన నిమిషంలోనే దానితోపాటు మూడు సంగతులు ఎక్కాలి: ఎందులో చూశారు, అందులో ఏ చోట చూశారు, ఆ మాట రచయితదా మీదా. మిగతా సాఫ్ట్‌వేర్ గొడవంతా ఈ మూడింటినీ తక్కువ శ్రమతో నిలబెట్టడానికే.

సామాను

రెండు ప్రోగ్రాములు చాలు. ఆధారాల వివరాలకు జొటెరో, నోట్సుకు అబ్సిడియన్. జొటెరో 2006 నుంచీ ఉన్న ఉచిత, ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం. అబ్సిడియన్ మీ నోట్సును మామూలు టెక్స్ట్ ఫైళ్ళుగా మీ కంప్యూటర్‌లోనే ఉంచుతుంది, కనుక రేపు ఆ ప్రోగ్రాం లేకపోయినా నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటాయి. వేరే నోట్సు యాప్‌కు అలవాటు పడినవారు దాన్నే ఉంచుకోవచ్చు. ఆధారాలను మాత్రం నోట్సు యాప్‌లో చేత్తో టైపు చేసుకోవద్దు. ఒకే పుస్తకం పేరు పది నోట్సుల్లో పది రకాలుగా తయారవుతుంది.

ముందు జొటెరో, తర్వాత బ్రౌజర్‌కు జొటెరో కనెక్టర్ (వెబ్ పేజీలోని ఆధారం వివరాలను జొటెరోలోకి దింపేది), ఆపైన బెటర్ బిబ్‌టెక్ అనే ప్లగిన్ పెట్టండి. ఈ మూడోదాని దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఫైర్‌ఫాక్స్‌లో ప్లగిన్ ఫైలును నొక్కితే బ్రౌజర్ దాన్ని తన సొంత యాడ్-ఆన్ అనుకుని పెట్టుకోబోయి, కుదరదంటుంది. లింకు మీద రైట్ క్లిక్ చేసి ఫైలుగా సేవ్ చేసుకుని, జొటెరోలో టూల్స్, ప్లగిన్స్ తెరిచి ఆ కిటికీలోకి లాగి వదలండి.

ఈ ప్లగిన్ ప్రతి ఆధారానికీ ఒక కీ ఇస్తుంది: రచయిత పేరు, శీర్షికలోని మాటలు, సంవత్సరం కలిపిన పొట్టి గుర్తు. కీ రోమన్ అక్షరాల్లోనే ఉంచండి. తెలుగులో పెడితే కంటికి కనపడని చిక్కు ఒకటుంది. "బటర్‌వర్త్" అని రాసేటప్పుడు చివరి పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు జీరో విడ్త్ నాన్-జాయినర్ అనే గుర్తును చేరుస్తాయి, కొన్ని చేర్చవు. తెర మీద దాదాపు ఒకేలా కనిపించే రెండు కీలు కంప్యూటర్‌కు రెండు వేరే మాటలు. వెతికితే సగమే దొరుకుతాయి. ఇంకొకటి, పుస్తకం వివరాలు దిద్దినప్పుడల్లా కీ దానంతట అది మారే అమరిక ఉంటే పిన్ చేసి ఆపండి. లేదంటే 1905ను 1906గా దిద్దిన రోజున పాత నోట్సులన్నీ తెగిన గాలిపటాలే.

ఆధారం ఎక్కించడం

డీఓఐ (వ్యాసానికిచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉన్న పరిశోధన వ్యాసమైతే అర నిమిషం పని. జొటెరోలో మంత్రదండం బొమ్మ నొక్కి, 10తో మొదలయ్యే ఆ నంబరు ఇస్తే వివరాలన్నీ వస్తాయి. 978-81, 978-93తో మొదలయ్యే భారతీయ ఐఎస్‌బీఎన్‌లకూ ఇదే దారి, కాకపోతే తెలుగు పుస్తకాల విషయంలో చాలాసార్లు ఖాళీ చేతులే. జిల్లా చరిత్రలు, స్థల పురాణాలు, రచయితలు సొంతంగా అచ్చేసుకున్న పుస్తకాలు చేత్తోనే ఎక్కించాలి.

అప్పుడు ముఖపత్రం చూసి రాయండి. అట్టనూ ఆర్కైవ్ సైటు జాబితానూ నమ్మవద్దు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ల జాబితాలో శీర్షికలు వంకర రోమన్ లిపిలో, సంవత్సరాలు తప్పుగా ఉండటం మామూలే. పాత పుస్తకం మీద "శ్రీముఖ" అని సంవత్సరం పేరే ఉంటే అది 1933-34 కావచ్చు, అరవై ఏళ్ళు వెనక్కో ముందుకో కావచ్చు. అచ్చుకూటం పేరు, ధర చూసి తేల్చుకోండి. ముఖపత్రం మీద ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో, మీరు తేల్చుకున్న సంవత్సరం ఇంకో గడిలో రాయండి. శాసనంలోని శక సంవత్సరానికీ అంతే: 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది, జనవరి నుంచి ఉగాది లోపు తిథి అయితే 79. లెక్క మీదైతే మీదేనని రాసుకోవాలి.

పునర్ముద్రణ చేతిలో ఉంటే తేదీ గడిలో చేతిలో ఉన్న ముద్రణ సంవత్సరమే వేయాలి. మొదటి ముద్రణ ఏడాదిని ఎక్స్‌ట్రా అనే గడిలో, ఒరిజినల్ డేట్ అని ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో, మధ్య అడ్డగీతతో రాసి, కోలన్ పెట్టి చేర్చండి. పాత ముద్రణ సంవత్సరమూ కొత్త ముద్రణ పుట సంఖ్యా కలిసిపోయి ఆధారాలు చెడటం ఇక్కడే జరుగుతుంది.

జిల్లా ఏది?

మన ప్రాంతం మీద పనిచేసేవారికి మిగతా వారికి లేని తలనొప్పి ఇది. జాన్ బోస్వెల్ నెల్లూరు జిల్లా మాన్యువల్ 1873లో వచ్చింది. అందులోని నెల్లూరు జిల్లాలో ఒంగోలు ఉంది. 1904లో ఒంగోలు తాలూకా కొత్తగా ఏర్పడిన గుంటూరు జిల్లాకు వెళ్ళింది. అయినా బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి నెల్లూరు జిల్లా శాసనాల మూడు భాగాలు 1905లో అచ్చయినప్పుడు ఒంగోలు శాసనాలు వాటిలోనే ఉన్నాయి. 1970 ఫిబ్రవరి 2న నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల ముక్కలతో ఒంగోలు జిల్లా పుట్టింది, 1972లో ప్రకాశం పేరు పెట్టారు. నెల్లూరుకు పొట్టి శ్రీరాములు పేరు 2008లో చేరింది. 2022 ఏప్రిల్ 4న కందుకూరు నెల్లూరుకు, అద్దంకి, చీరాల బాపట్లకు, గూడూరు, సూళ్ళూరుపేట తిరుపతికి వెళ్ళాయి.

"నెల్లూరు జిల్లా జనాభా" అని నోట్సులో ఉంటే అది ఏ నెల్లూరు? 1901 లెక్కనూ 2011 లెక్కనూ పక్కపక్కన పెట్టి జిల్లా పెరిగిందనో తరిగిందనో రాసేస్తే లెక్కంతా గల్లంతు.

పరిష్కారం పెద్దదేమీ కాదు. ఆధారంలో జిల్లా పేరు ఎలా ఉందో అలాగే ఉంచండి, దిద్దవద్దు. మీ సౌకర్యం కోసం ట్యాగుల్లో ఊరి పేరు, తాలూకా పేరు పెట్టుకోండి. ఊరు కదలదు, జిల్లాయే కదులుతుంది. ముఖ్యమైన ప్రతి ఊరికీ అబ్సిడియన్‌లో ఒక చిన్న నోటు తెరిచి నాలుగు వరసలు రాయండి. ఒంగోలుకైతే: 1904 వరకు నెల్లూరు, 1904-1970 గుంటూరు, ఆ తర్వాత ఒంగోలు జిల్లా, 1972 నుంచి ప్రకాశం. కందుకూరుకు వేరే వరస, మార్కాపురానికి కర్నూలుతో మొదలు. 2022 తర్వాతి మార్పులు కూడా ఈ వరసల కిందే చేర్చుకుంటూ పోవచ్చు.

ఇంగ్లీషు స్పెల్లింగు సంగతీ ఇంతే. కంభం, ఉదయగిరి లాంటి పేర్లను దొరలు ఎన్ని రకాలుగా రాశారో! శీర్షికలో వాళ్ళ స్పెల్లింగు, ట్యాగులో మన పేరు.

పశువుల మీద పనిచేసేవారికి ఇంకో గుంట ఉంది. బ్రెజిల్ వ్యాసాల్లో ఒకే 'ఎల్'తో రాసే నెలోర్ మన ఒంగోలు జాతి సంతతి పశువు. మన దేశపు వ్యాసాల్లో రెండు 'ఎల్'లతో రాసే నెల్లూరు చాలాసార్లు గొర్రె. అందులో మళ్ళీ పల్ల, జోడిపి, దొర అని మూడు రకాలు. ఒక్క పేరుతో వెతికి కనెక్టర్‌తో గంపగుత్తగా దింపుకుంటే ఆవూ గొర్రే ఒకే ఫోల్డరులో కలిసి మేస్తాయి. దింపుకున్నరోజే "పశువు" లేదా "గొర్రె" ట్యాగు వేసేయండి.

ఇంటిపేరు

జొటెరోలో రచయితకు రెండు గడులుంటాయి: చివరి పేరు, మొదటి పేరు. ఇంగ్లీషు పద్ధతి ఇంటిపేరు చివర ఉంటుందనుకుంటుంది, మనకు ముందుంటుంది. టంగుటూరి ప్రకాశం గారినే తీసుకోండి. ఒక జాబితాలో టి. ప్రకాశం, ఇంకోదానిలో ప్రకాశం టంగుటూరి, మరోదానిలో టంగుటూరి పి. అని ఎక్కితే బిబ్లియోగ్రఫీలో ఒక మనిషి ముగ్గురవుతాడు. తెలుగు పుస్తకాల రచయితలకు పక్కనున్న చిన్న గుర్తు నొక్కి ఒకే గడికి మార్చి, "టంగుటూరి ప్రకాశం" అని పూర్తిగా రాయండి. ఒకే గడిలో ఉన్న పేరును ఏ రెఫరెన్సు శైలీ తిరగేయదు. ఇంగ్లీషులో అచ్చయిన వాటికి మాత్రం ఆ పుస్తకం మీద ఉన్న పద్ధతే పాటించాలి. తెలుగు, ఇంగ్లీషు జాబితాలను విడివిడిగా ఇవ్వడం మన తెలుగు శాఖల్లో మామూలే కాబట్టి రెండు పద్ధతులూ ఒకే పుటలో ఢీకొనవు.

పుట సంఖ్య చాలని చోట

బటర్‌వర్త్ సంపుటాల్లో శాసనాలకు తాలూకాల వారీగా నంబర్లున్నాయి. ఒంగోలుకు "ఓ", కందుకూరుకు "కెఆర్", కనిగిరికి "కెజి", కావలికి "కెవి" అన్న ఇంగ్లీషు పొడి అక్షరాలు ముందుంటాయి. అందరూ ఆ నంబరుతోనే ఉదహరిస్తారు. నోట్సులో తొందరపడి "కె 25" అని రాసుకుంటే అది మూడు తాలూకాల్లో ఏదైనా కావచ్చు. తిక్కన భారతానికీ పుట సంఖ్య పనికిరాదు. ముద్రణ మారితే పుట మారుతుంది. పర్వం, ఆశ్వాసం, పద్యం రాయాలి. విరాటపర్వంలో రెండో ఆశ్వాసం యాభయ్యో పద్యమైతే "విరాట. 2-50". ఇలాంటి చోట్ల వర్డ్‌లో ఆధారం చొప్పించేటప్పుడు పుట గడి ఖాళీగా వదిలి, సఫిక్స్ గడిలో ఈ గుర్తు టైపు చేయండి. పుట గడిలో వేస్తే ముందు "పుట" అన్న అర్థమిచ్చే ఇంగ్లీషు పొడి అక్షరం వచ్చి కూర్చుంటుంది.

పత్రికలకు తేదీ, పుటతో పాటు ఎడిషన్ పేరు తప్పనిసరి. అదే దినపత్రిక నెల్లూరు ఎడిషన్‌లో మూడో పేజీలో వచ్చిన వార్త ఒంగోలు ఎడిషన్‌లో అసలు ఉండకపోవచ్చు. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం లాంటి చోట పాత సంచికను ఫొటో తీసుకుంటే, ముందు పత్రిక పేరు, తేదీ ఉన్న తలపట్టీ ఫొటో ఒకటి, తర్వాతే వార్త ఫొటో. ఈ వరస తప్పితే ఇంటికొచ్చాక ముప్పై ఫొటోలు తేదీ లేని అనాథలు.

జీవోలకు నంబరు, శాఖ, తేదీ మూడూ కావాలి, ఎందుకంటే ఒకే నంబరు ప్రతి శాఖలోనూ ప్రతి ఏడాదీ ఉంటుంది. రొయ్యల రైతులతో, జాలర్లతో మాటల రికార్డింగులకు జొటెరోలో ఇంటర్వ్యూ రకం ఎంచుకుని తేదీ, ఊరు, ఆడియో ఫైలు నంబరు రాయండి. పుట సంఖ్య బదులు నిమిషం, సెకను. పేరు చెప్పవద్దన్న మనిషికి సంకేతమే పెట్టి, అసలు పేరు క్లౌడ్‌లోకి ఎక్కని కాగితం మీద ఉంచండి.

పీడీఎఫ్‌లో పుట ఒకటి, అచ్చులో పుట ఒకటి

స్కాన్ చేసిన పుస్తకంలో అట్ట, ముఖపత్రం, పీఠికలు కలిపి మొదట పదహారు పుటలుంటే, పీడీఎఫ్ 37 అన్నది అచ్చులో 21. ఆధారంలో ఇవ్వాల్సింది అచ్చు సంఖ్యే. జొటెరోలో పీడీఎఫ్ తెరిచి ఏదైనా వాక్యాన్ని రంగుతో గుర్తు పెట్టండి. ఆ గుర్తు పక్కన మెనూలో పుట సంఖ్య మార్చే చోట 21 వేసి, "ఈ పుట, తర్వాతివన్నీ" అన్న అర్థం ఉన్నదాన్ని ఎంచుకుంటే మిగతావి సర్దుకుంటాయి. తర్వాత మధ్యలో ఒకటి, చివర్లో ఒకటి సరిచూడండి. స్కాన్ చేసినవారు ఒక పుట వదిలేసినా, రెండుసార్లు తీసినా అక్కణ్ణుంచి లెక్క మళ్ళీ తప్పుతుంది.

తెలుగు అంకెలు ఉన్న పుస్తకాల్లో ౨, ౩, ౬, ౯లను నిదానంగా చదవండి. నలిగిన అచ్చులో ఒకదానికొకటి పొరబడేవి ఇవే.

పీడీఎఫ్ నుంచి తెలుగు కాపీ చేస్తే ఇంగ్లీషు అక్షరాల చెత్త వచ్చిందంటే అది అను లాంటి పాత ఫాంటులో తయారైన ఫైలు. తెర మీద తెలుగు, లోపల యూనికోడ్ కాదు. దాన్ని నోట్సులో అతికిస్తే ఎప్పటికీ వెతుక్కోలేరు. ఆ పుటను బొమ్మగా తీసి గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అక్షరాలు వస్తాయి. పెద్ద ఫైలు ఒకేసారి ఇవ్వక, పది పుటల చొప్పున ఇవ్వండి. వచ్చినదాన్ని అలాగే కొటేషన్ గుర్తుల్లో పెట్టేయకూడదు: ప-వ, ద-ధ-థ, మ-ఘ తారుమారవుతాయి, అరసున్నలు మాయమవుతాయి. పద్యమైతే రెండు నిమిషాల్లో చేత్తో టైపు చేసుకోవడమే మేలు.

నోటు లోపల

ఒక ఆధారానికి ఒక నోటు. ఫైలు పేరు ఆ ఆధారం కీ. లోపల ప్రతి వరస ముందూ అది ఏ రకమో చెప్పే మాట ఉండాలి. మచ్చుకి:

మాట: "కందుకూర్బెజవాడ గావించె మెచ్చి" (చూసింది తరగతి పుస్తకం, పు. 12, శాసన సంపుటం చూడలేదు)
సారం: పండరంగడు పన్నెండు బోయకొట్టాలు గెలిచాడు. అదే పుట.
నాది: కందుకూరును బెజవాడ అంతటిదాన్ని చేశాడన్న అర్థమేనా? పదవిభాగం మారితే?
చూడాలి: శాసన సంపుటంలో మూలపాఠం, అచ్చుపటం.

"మాట" అంటే అక్షరం పొల్లుపోని ఉల్లేఖన. "సారం" మీ మాటల్లో రచయిత భావం. దీనికీ పుట సంఖ్య కావాలి, చాలామంది వదిలేసేది ఇదే. "నాది" పూర్తిగా మీది. ఈ మూడూ కలిసిపోయిన నోట్సు నుంచే తెలియకుండా చౌర్యం జరుగుతుంది. ఆరు నెలలు గడిచాక సారం వరసను సొంత వాక్యమనుకుని థీసిస్‌లో దించేస్తారు, సాఫ్ట్‌వేర్ పట్టుకుంటుంది.

ఇంకొకరి పుస్తకంలో ఉదహరించినది చూసి మూలాన్ని చూసినట్టు రాయడం ఇంకా పెద్ద తప్పు. ఆ మధ్యపుస్తకంలో అచ్చుతప్పు ఉంటే అది మీ మెడకే చుట్టుకుంటుంది. మూలం దొరక్కపోతే "ఫలానా పుస్తకంలో ఉద్ధృతం" అని నిజాయితీగా ఇవ్వండి. చాట్‌బాట్ ఇచ్చిన రెఫరెన్సులనైతే డీఓఐ తెరుచుకుని, ఆ వ్యాసమే వచ్చిందని చూసేదాకా నోట్సులోకి రానివ్వకండి. లేని వ్యాసానికి నిజమైన పత్రిక పేరు తగిలించడం వాటికి అలవాటు.

జొటెరోలో రంగు గుర్తులు పెట్టుకుని వాటిని కాపీ చేసి అబ్సిడియన్‌లో అతికిస్తే వాక్యం, పుట సంఖ్య రెండూ వస్తాయి. సెట్టింగుల్లో ఎక్స్‌పోర్ట్ కింద నోట్ ఫార్మాట్ దగ్గర జొటెరో లింకులు కూడా చేర్చమని టిక్ పెడితే, లింకు నొక్కగానే ఆ పీడీఎఫ్‌లో అదే పుట తెరుచుకుంటుంది.

రాసేటప్పుడు

వర్డ్, లిబ్రె ఆఫీస్, గూగుల్ డాక్స్ మూడింట్లోనూ జొటెరో పనిచేస్తుంది. విక్రమ సింహపురి, ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయాల్లో చేరినవారు శైలి ఏదో మీ శాఖనూ గైడునూ ముందే అడిగి ఎంచుకోండి. తర్వాత మార్చినా ఒక్క నొక్కుతో అన్నీ మారతాయి. బిబ్లియోగ్రఫీలో తప్పు కనిపిస్తే వర్డ్‌లో దిద్దవద్దు. తర్వాతిసారి రిఫ్రెష్ కాగానే పాత తప్పు తిరిగొస్తుంది. జొటెరోలో దిద్దండి. తెలుగు వ్యాసం మధ్యలో వచ్చే ఇంగ్లీషు పొడి అక్షరాలను మాత్రం చివర్లో చేత్తో మార్చక తప్పదు. అందుకు ఫైలుకు వేరే పేరుతో కాపీ తీసి, ఆ కాపీలోనే అన్‌లింక్ నొక్కండి. ఒకసారి తెగితే ఆ కాపీలో ఆధారాలు మళ్ళీ అతుక్కోవు. గైడు ఇంకో మార్పు చెబితే అసలు ఫైలుకే వెళ్ళాలి.

భద్రం

జొటెరో ఉచితంగా ఇచ్చే ఫైళ్ళ చోటు 300 ఎంబీ. స్కాన్ చేసిన పాత పుస్తకం ఒక్కటే వంద ఎంబీ ఉండొచ్చు కనుక మూడు పుస్తకాలతో నిండుతుంది. వివరాల సింక్‌కు మాత్రం ఈ హద్దు లేదు. ఫైళ్ళ సింక్ ఆపేసి, పెద్ద పీడీఎఫ్‌లను వేరే ఫోల్డరులో ఉంచి జొటెరోలో లింకుగా జతచేయండి. ఆ పీడీఎఫ్ ఫోల్డరును డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు. జొటెరో సొంత డేటా ఫోల్డరును మాత్రం గూగుల్ డ్రైవ్‌లోనూ డ్రాప్‌బాక్స్‌లోనూ పెట్టకూడదు. ప్రోగ్రాం రాస్తుండగా డ్రైవ్ సగం ఫైలును పైకి పంపితే డేటాబేసు చెడిపోతుంది. బ్యాకప్‌కు జొటెరోను పూర్తిగా మూసి, ఆ ఫోల్డరు మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. అబ్సిడియన్ ఫోల్డరు కూడా పక్కనే. వారానికోసారి చాలు, అధ్యాయం ముగిసిన రోజైతే అదే రోజు.

థీసిస్ ఇచ్చే ముందు అబ్సిడియన్‌లో "చూడాలి:" అని వెతకండి. ఎన్ని వరసలు వస్తే అన్ని బాకీలున్నట్టు. కొన్ని ఫోన్‌లోనే తీరతాయి, కొన్నింటికి బస్సెక్కి లైబ్రరీకి వెళ్ళాలి. పాత సంచికలు చూడాలంటే ముందుగా ఫోన్ చేసి, ఆ సంపుటం అల్మరాలో ఉందో బైండింగ్‌కు వెళ్ళిందో కనుక్కుని బయల్దేరండి.